మూడో పాఠం, ఐదోసారి

మూడో పాఠం మళ్ళీ చింపేశాను.
వంటింటి బల్ల మీద, చింతపండు జాడీ పక్కన,
డబ్బా మూతలో వెల్లకిలా పడున్నాయి
బియ్యపుగింజంత ఎర్ర దీపాలు.

పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు
అని మొదటి పాఠంలో రాసి పంపాను.
పిల్లలు రెండు కాళ్ళూ సమంగా కత్తిరించారు,
చూడ్డానికి బాగుంటుందని.
ఇప్పుడు మొదటి పాఠం మొదటి వాక్యం:
కత్తెర టీచరు దగ్గరే ఉండాలి.

రెండో పాఠంలో రెసిస్టరుకి
కుళాయి పోలిక రాసుకున్నా.
మొగిలి ఘాటు కింద ఆ ఊళ్ళో
కుళాయి తిరిగేది వారానికోసారి.
"నీళ్ళే రాకుంటే కరెంటెట్లా వస్తాది మేడమ్?"
రెడ్డెప్ప అడిగాడు, ఎగతాళి కాదు, నిజంగానే.
కుళాయి కొట్టేసి
చిత్తూరు బస్సు కండక్టర్ని నిలబెట్టాను తలుపులో,
ఒక్కొక్కర్నే లోపలికి వదిలేవాణ్ణి.
అందరికీ వెంటనే అర్థమైంది.
తస్లీమాకి మరీ ఎక్కువ అర్థమైంది.
"ఆయప్ప లేకుంటే బస్సు కాలిపోతాదా?"
దీపం కాలిపోతుందమ్మా. బస్సు సంగతి నాకు తెలీదు.

మూడోదే లొంగడం లేదు.
చేసిన పనే మళ్ళీ చెయ్యి అని
యంత్రానికి చెప్పడమెట్లా?
ముగ్గుచుక్కలన్నాను, మగపిల్లలు కిటికీలోకి చూశారు.
ఎక్కాలన్నాను, అందరూ కిటికీలోకే చూశారు.
బయట రోడ్డు మీద
కాయల ట్రాక్టర్ల వరస, రెండు రోజులుగా కదల్లేదు.
ఫ్యాక్టరీ గుజ్జు వాసన
గది లోపలికొచ్చి బెంచీ మీద కూర్చుంది.

అప్పుడు పొన్నీశ్వరి లేచింది.
ఎప్పుడూ లేవని పిల్ల.
"మాయమ్మ చేసే పని మేడమ్.
కాయ తీస్కో. తొడిమ కొయ్.
తొక్క తియ్. టెంక తియ్.
గంపలో ఎయ్.
ఇంకో కాయ తీస్కో."
చెప్తూ ఉంటే చేతులు గాల్లో
కోస్తున్నాయి, ఒలుస్తున్నాయి, వేస్తున్నాయి,
తడబాటు లేదు.
నేను బోర్డు మీద రాసుకుంటూ పోయాను,
ఆరు వరసలు, చివర ఒక బాణం
మొదటి వరసకి.
ఇంతకాలం నేను వెతికింది ఇదే.

"ఎప్పుడాపాల?" రెడ్డెప్ప.
"సైరన్ కూసేదాకా."
"కూయకుంటే?"
"కరెంటు పోతే కూయదు. ఆపొద్దు
ఎవురూ ఇంటికి రారు."
గదిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరూ అందుకోలేదు.

సుద్దముక్క ఇస్తూ చూశాను.
ఆ పిల్ల వేళ్ళ సందుల్లో
మామిడి సొన కాల్చిన నల్లమచ్చలు,
గోళ్ళ చుట్టూ రేగిన చర్మం.
మాయమ్మ చేసే పని అంది.
వేళ్ళు వేరే మాట చెప్పాయి.
నేనేమీ అడగలేదు. ముప్పై నాలుగు మంది ముందు
అడిగే మాట కాదది.
బాణం కొనని ఇంకాస్త గట్టిగా దిద్దాను,
ఊరికే.

అందుకే ఈ రాత్రి ఐదోసారి.
క్రమం మార్చాను.
తిరిగే చక్రం తర్వాత, ఆపే మీట ముందు.
ప్రతి పిల్లకీ ఒక మీట,
తన చేత్తో తనే తీగ చుట్టి బిగించినది.
నొక్కి చూడాలి. ఆగిందా?
ఆగితేనే, దాన్ని తిరగనివ్వడం నేర్పుతాను.

సామాన్ల పట్టీలో ఒక బజరు కలిపాను, ముప్పై ఐదు రూపాయలు.
బ్యాటరీతో కూసేది.
కరెంటు పోయినా కూసేది.
పట్టీ కింద, హెడ్మాస్టరుగారికి పంపే ముందు
చింపెయ్యాల్సిన అంచు మీద, నా కోసం:
ఆదివారం పొన్నీశ్వరి ఇంటికి వెళ్ళాలి.
వాళ్ళమ్మ ఇంట్లో ఉండే వేళ
కనుక్కోవాలి.