ఏడిళ్ళు

పెరంబూరులో ఇది మాకు నాలుగో అద్దిల్లు.
జీడికి ఈ వారంలోనే ఐదోది.

బీరువా కింద మొదలెట్టింది.
ఆనక కుట్టుమిషను పెడలు వెనక,
ఆనక నా పెళ్ళి పట్టుచీర మడతల్లో
(ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు),
ఒకరోజంతా వాషింగ్ మిషను చాటున.
ఇప్పుడు హవీశ్ స్కూలు సంచిలో, లెక్కల పుస్తకమ్మీద.

మెడ కరుచుకుని ఒక్కో కూననీ మోస్తుంటే
మేదిని వెంటబడి చోట్లు రాసుకుంటోంది.
"పిల్లి ఏడిళ్ళు తిప్పుతుందే" అన్నాను.
"మరి మనం?" అంది, తల ఎత్తకుండానే.

పిల్లులుండకూడదని
కింద ఉండే ఓనరు మంగై అక్క షరతు.
అందుకే కూన అరిచినప్పుడల్లా
హవీశ్ దగ్గుతాడు.
వాడు నిద్రపోతే వాళ్ళ నాన్న దగ్గుతారు.

నిన్న నీళ్ళ లారీ దగ్గర బిందె పడుతుంటే
మంగై అక్క అడిగింది,
తమిళంలో నాలుగు తెలుగు ముక్కలు కలిపి,
పిల్లాడికి దగ్గు తగ్గలేదా అని.
సాయంత్రం మిరియాల చారు పంపింది.
గిన్నె మూత మీద, అరిటాకు ముక్కలో
ఓ గుప్పెడు నెత్తళ్ళు,
ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టినవి.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
జీడి ఎవర్నీ చూడలేదు, తినేసింది.

రాత్రి గోళ్ళ చప్పుడు.
దిగిన్నాటి నుంచీ మేం విప్పని అట్టపెట్టెను
గీకుతోంది.
"మేదినీ, కత్తెర ఎక్కడ పెట్టావే?"
టేపు బాగా బిగిసిపోయింది.