చప్పుడు లేని ఊట

నాది రాత్రి కొలువు.
ఊరు పండుకున్నంక గోషామహల్ గల్లీలల్ల
ఇనుప కడ్డీ రోడ్డుకు ఆనించి
రెండో కొస చెవికి పెట్టుకుంట.
కింద నీళ్లు ఎక్కడ కారుతున్నయో కడ్డీ చెప్తది.

పదహారేండ్ల అలవాటు.
మోరీ చప్పుడు వేరు, బోరు మోటరు గుర్రు వేరు.
పగిలిన పైపుదైతే
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే సన్న ముచ్చట.
బేగంబజార్ల ఓ సేటు, నానిన గోడ చూపి
వాన చెమ్మ అన్నడు. కాదన్న.
తవ్వితే మూరెడు లోతుల తుప్పు పట్టిన జాయింటు.
అప్పటిసంది మా ఇంజనీరు సారు నన్ను
డాక్టరు అని పిలుస్తడు.

అసలు డాక్టరు దగ్గరికి నెలకోసారి పోత.
ఏఆర్‌టీ సెంటర్ల నా పుస్తకం, నా డబ్బ, ముప్పై గోలీలు.
ఏడేండ్లల్ల ఒక్కటి తప్పలే.
పోయినేడు కాగితం చూసి ప్రిస్కిల్లా సిస్టర్ నవ్వింది:
"వైరల్ లోడ్ కనబడ్తలేదు ఎల్లేషూ,
మిషినుకు గూడ కనబడ్తలేదు.
గిట్లనే మింగుకుంట ఉంటె అది నీ నుంచి ఎవరికీ అంటదు."
బస్సెక్కుడు మర్చిపోయి
మల్లేపల్లి దాక నడిచే పోయిన.
బేకరీ వెనక, మైదా చేతులతోనే
ముబీన్ నా మొఖం పట్టుకున్నడు.
ఆ రాత్రి నుంచి మా మధ్యల నిరోధ్ లేదు.

ఈసారి సిస్టర్ వేరే కాగితం తీసింది.
మంట?
లేదు.
చీము, పుండు, గజ్జల్ల గడ్డ?
లేదు. లేదు. లేదు సిస్టర్.
"అయినా సరే. ఉచ్చ ఒక్కటే కాదు,
గొంతు, వెనక గూడ చూడాలె."
ఏం లేనిదానికి ఎందుకన్న.
పెన్నుకు మూత పెట్టి అడిగింది:
"నువ్వు రోడ్డు కుంగినంక పోతవా, ముందే పోతవా?"

దూదిపుల్ల గొంతుల తగిలితే కక్కొచ్చింది.
రెండోది నేనే తీసుకుంట అన్న.
కర్టెన్ వెనక, గోడకు నెత్తి ఆనించి.
ఫ్యాను ఎంత చప్పుడు చేస్తదో
అప్పుడే తెలిసింది.

వారమైనంక రిజల్టు.
ఉచ్చల ఏం లేదు.
గొంతుల గనేరియా. వెనక అదీ, దానికి తోడు ఇంకొకటి.
నెత్తురుల సిఫిలిస్, ఎప్పటిదో చెప్పలేం అన్నది.
రెండేండ్ల కింద ఎండకాలం, వీపు మీద దద్దు యాదికొచ్చింది.
చెమటకాయలని
పౌడరు కొట్టుకున్న.

కనబడ్తలేదు అంటె అప్పుడు పండుగ చేసుకున్న.
అదే కుర్చీ, అదే మాట.

సూదులు. వారం గోలీలు.
పిర్రల సూదికి ఇంకో రెండు వారాలు రావాలె.
"పేర్లు వద్దు, లెక్క చెప్పు.
ఎందరికి చెప్పాలె?"
ముగ్గురన్న.
ముబీన్ ఒక్కడే అంటె అబద్ధమైతది.
లక్డికాపూల్ లాడ్జిల ఒకడు, వాని నంబరు ఉంది.
ఇంకొకని పేరు నాకే తెల్వదు,
నీలం హెల్మెట్ యాదికున్నది అంతే.
సిస్టర్ మూడు అని రాసుకున్నది.
తలెత్తి చూడలే. అందుకు ఆమెకు దండం పెట్టాలె.

రాత్రి రెండింటికి, భట్టీ చల్లారకముందే
ముబీన్‌కు చెప్పిన. లాడ్జి సంగతి గూడ.
దిల్‌పసంద్ ట్రే బయటికి గుంజి
చానసేపు దాని దిక్కే చూసిండు.
తిట్టిన బాగుండు.
"నాకేం లేదు గదా యారో, మంచిగనే ఉన్న."
నా మాటే, వాని నోట్ల.

కార్డు తీసి పిండి బల్ల మీద పెట్టిన.
గురువారం, పొద్దుగాల తొమ్మిది.
వాడు కార్డు ముట్టలే. నా కడ్డీ తీసుకొని
ఒక కొస వాని ఛాతికి పెట్టుకొని
ఇంకో కొస నా చెవి దిక్కు జరిపిండు.
"విను మరి, డాక్టరు సాబ్."

విన్న.
గుండె. భట్టీల గాలి.
ఎక్కడో కుక్కలు.

"ఏమంటున్నది?"
"ఏమంటలే" అన్న.
"గురువారం పోదాం."