తరుగు

మార్చి నెల. యార్డులో టిక్కీ మీద టిక్కీ.
ఏటుకూరు రోడ్డు మీద లారీలు కదలవు.
అందరి సరుకూ ఒకేసారి దిగితే
ధర నేల మీద కూర్చుంటుంది.

మా కోల్డ్ స్టోరేజీ కప్పు మీదా అంతే.
పన్నెండింటికి ఎండ కుప్పలుగా దిగుతుంది,
కొనేవాడుండడు.
మిషన్ రూములో మీటరు చూస్తూ ఏసుపాదం అంటాడు:
"ఇదీ తేజ రకమేరా. ఘాటుంది.
బేరమే లేదు."

పాతికేళ్ళుగా అమోనియా వాసనలో ఉన్నవాడు.
సాయంత్రం కరెంటు మీద నమ్మకం లేక
మధ్యాహ్నమే కంప్రెసర్లను కసిగా తిప్పి
గోడలకూ గోతాలకూ చలి తాగించేవాడు.
రాత్రి లైను పోయినా
గది తన చలిని తానే నెమరేసుకుంటూ
తెల్లారేదాకా నిలిచేది.
దానికో పేరుంది, చదువుంది అని నేను చెబితే
నవ్వాడు: "ఆవు చదివిందా నెమరు?"

ఇప్పుడు వెనక షెడ్డులో
తెల్లటి బీరువాలు నాలుగు.
లోపల మధ్యాహ్నం.
తాళం నా దగ్గర.

మొదటిరోజు వాటి మీద చెయ్యి వేశాడు,
పిల్లాడికి జ్వరం చూసినట్టు.
"నూరు యూనిట్లు పెడితే ఎన్నిస్తుంది?"
"తొంభై."
"ఆ పది?"
"వేడై పోతాయి."
కాసేపు మాట్లాడలేదు.
"తరుగు" అన్నాడు.
టిక్కీకి కిలో కోసే కాటా ముందు
చేతులు కట్టుకు నిలబడ్డ వాళ్ళ నాన్న
ఆ ఒక్క మాటలోంచి నన్ను చూశాడు.

జులైలో ముసురు.
మూడు రోజులు సూర్యుడి జాడ లేదు.
గాలివానకు ఫీడరు పడిపోయింది.
రాత్రి రెండింటికి
బీరువాల మీద అంకె పదకొండు.
మూడో ఛాంబర్లో
ఫిరంగిపురం శౌరమ్మవి నూట పద్దెనిమిది టిక్కీలు,
ఇరవై వేలు దాటితేనే తలుపు తియ్యమని
వేలు చూపించి వెళ్ళింది.

ఆఫీసు ఫ్యాను, వాటర్ కూలరు,
గేటు మీద మా ఓనరు పేరు వెలిగే బోర్డు
అన్నీ ఆర్పించాడు.
చీకట్లో ఇద్దరం
తలుపు సందుల్లో పాత గోతాలు కుక్కాం.

అప్పుడన్నాడు, బీడీ వెలిగించకుండానే:
"మిరపకాయ ఎండను పట్టుకుంటుంది.
ఏడాది తర్వాత
ఎవరి నాలుక మీదో విప్పుతుంది.
దానికి వైరు లేదు చూడు."

అంకె తొమ్మిది.
కంప్రెసరు ఆపి
గోడకు చెవి ఆనించాం.

ఐదింటికి బుడంపాడు వైపు
మబ్బు కొంచెం పలచబడింది.
అంతే.
ఇంకా బేరం కుదరలేదు.