కిటికీకి నూట ఎనభై

వంటింటి బల్ల మీద
నూనె మరకల లెక్కల పుస్తకం తెరిచాను.
ఏప్రిల్ పదకొండు. బయట మంచు
ఇంకా గోడకి ఆనుకునే ఉంది.
ఒక్క రాత్రి, ఇద్దరు మనుషులు,
గోథెన్‌బర్గ్ రేవు.

స్వేగ్ నుంచి మోరా దాకా బస్సు,
అక్కణ్ణుంచి రైలు,
పెద్దవాళ్ల రాయితీ పోను మిగిలినదాన్ని
పెన్సిల్‌తో రాశాను.
పెన్ను వాడను.
పెన్నుతో రాసిన అంకె
మరి బేరానికి లొంగదు.

ఎవెర్ట్ ముప్పై ఒక్క ఏళ్లు
కోత మిల్లులో పలకలు కట్టలు కట్టి
గూడ్సు బండికి ఎక్కించాడు.
ప్రతి కట్టకీ నీలి సుద్దతో ఒక గీత.
బండి మలుపు తిరిగాక ఆ చెక్క ఏమవుతుందంటే
"ఓడెక్కుతుంది" అనేవాడు,
ఎవరో చెప్పిన కబురు అప్పజెప్పినట్టు.

మొన్న పని విరమించిన రోజు
మిల్లువాళ్లు గడియారం ఇచ్చారు.
ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి.
"నీకేం కావాలి?" అన్నాను.
సూపు చల్లారేదాకా ఆలోచించి
"అది ఓడెక్కడం చూడాలి" అన్నాడు.

అందుకని ఈ లెక్క.

ట్రామ్ డిపో వెనక హోటలు.
స్నానాల గది వరండా చివర, ఆరు గదులకి ఒకటి.
దుప్పట్లు మనవే తెచ్చుకుంటే డెబ్బై తగ్గుతుంది.
తెచ్చుకుంటాం.
ఉదయం ఫలహారం మనిషికి తొంభై ఐదు.
కొట్టేశాను.
కరకర రొట్టె, ట్యూబులో చేపగుడ్ల ముద్ద,
ఫ్లాస్కు నిండా కాఫీ
నా సంచిలో వస్తాయి.
శనివారం కంటే ఆదివారం బాగా చవక.
ఆదివారం కింద రెండు గీతలు గీశాను.

ఇక గది.
కిటికీ లేనిది ఒక ధర,
ఉన్నది నూట ఎనభై క్రోన్లు ఎక్కువ.

నూట ఎనభై అంటే
రెండు వారాల కాఫీ పొడి.
నా బూటుకి కొత్త అడుగు.
వెలుతురుకి ధర కట్టినవాడు
కోటలు కట్టి ఉంటాడీపాటికి.

ఫోన్ చేశాను. రాత్రి పది దాటింది.
షిర్వాన్ అన్నాడు పేరు, కుర్ర గొంతు.
స్వీడిష్ అంతా రేవు యాసే,
దాని కింద ఇంకేదో ఊరి సన్నని జీర.

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది బాబూ?"

కాసేపు ఏ చప్పుడూ లేదు.
"గోడ అమ్మా" అన్నాడు.
"అన్ని గదులకీ గోడే.
నాలుగో అంతస్తు చివరి గదిలో మాత్రం
మంచానికి ఎడమ పక్క
అద్దానికి చెంప ఆనించి నిలబడితే
ఒక క్రేను మెడ కనిపిస్తుంది. సగం మెడ.
నేనైతే దానికి డబ్బివ్వను.
గది ఖాళీగా ఉన్న రోజు
తెల్లవారుజామున నాలుగింటికి
నేనే వెళ్లి నిలబడతాను. ఊరికే."

ఎందుకని అడగలేదు.
ఊరికే అన్నవాణ్ణి
ఎవరూ రెండోసారి అడగకూడదు.

రబ్బరు తీశాను.
తిరుగు ప్రయాణానికి తొమ్మిదింటి రైలు చెరిపి
ఆరింటి రైలు పెట్టాను.
నూట నలభై వచ్చింది.
స్టేషన్ నుంచి ట్రామ్ మానేసి నడుద్దాం.
నాకు ముప్పావుగంట,
ఎవెర్ట్ మోకాలికి గంటంబావు.
డెబ్బై రెండు.
కిటికీ పోను ఇంకా ముప్పై రెండు చేతిలో ఉంది.
దాంతో అతనికొక ఐస్‌క్రీం.
నేను అంచులు నాకుతాను.

"నాలుగో అంతస్తు, ఆ చివరి గదే" అన్నాను.
"లిఫ్టు లేదమ్మా."
"నయం. ఉంటే దానికీ అడిగేవాళ్లు."
నవ్వాడు. నా పేరు
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసుకున్నాడు.

దీపం ఆర్పి పక్క మీదికి చేరాను.
మోకాలికి రాసుకున్న మందు వాసన,
సన్నటి గురక.
నిద్రపోయాడనుకున్నాను.

చీకట్లోంచి అడిగాడు:
"గున్వోర్,
ఆదివారం క్రేన్లు పనిచేస్తాయా?"

పుస్తకం వంటింట్లో ఉంది.
నేల చల్లగా ఉంది.
చెప్పుల కోసం
కాలితో వెతికాను.