ముక్కాలి గుర్తు

రాజోలు సెంటర్లో, సోడాల కొట్టు మేడ మీద,
పెళ్లి వీడియోల గదిలో మొదలయ్యాడు కాశి జ్ఞానరత్నం.
అక్కడ తలంబ్రాలు పోస్తుంటే
వీడి కెమెరా పెరట్లోకి తిరిగేది.
గాడిపొయ్యి పక్కన గుండిగలు తోముతున్న చేతుల మీద
మూడు నిమిషాలు!
పెళ్లికూతురి తండ్రి మూడొందలు కోసుకుని మిగతాది ఇచ్చాడు.
"అయితే ఆ మూడు నిమిషాలూ నావే" అన్నాడు.
వాడి మొదటి సినిమా అదేనని ఇప్పుడంటాను.
అప్పుడు నవ్వాను.

నేను మైకు పట్టేవాణ్ణి.
సఖినేటిపల్లి రేవులో పంటు గొలుసు,
నర్సాపురం అరుగుల మీద లేసు అల్లే సూదుల గుసగుస,
రాత్రంతా రొయ్యలకి ఊపిరూదే చక్రాలు
అన్నీ నా సంచీలో ఉండేవి.
వాడి సినిమాలన్నిటికీ నిర్మాత
దయామణి కుట్టుమిషను.

లంకకి మాత్రం ఏటా వెళ్లేవాళ్లం.
వరద తీసిన మర్నాడు, అదే గట్టు, అదే చూపు.
ముక్కాలి నిలిపిన చోట మూడు సున్నం బొట్లు పెట్టేవాడు
పై ఏటికి గుర్తుండాలని.
పై ఏటికి బొట్లుండేవి కావు.
పది అడుగులు వెనక్కి.
ఇంకో ఏడు ఇరవై రెండు.
గుబ్బల మంగాయమ్మ పాక, కంద మడి, చర్చి మెట్లు
ఫ్రేములోంచి కాదు,
భూమ్మీంచే తప్పుకున్నాయి.

ఢిల్లీలో శాలువా కప్పారు.
అది దుప్పటయినా బావుణ్ణు,
తెర కొనే పని తప్పేది.

బడి గోడకి దుప్పటే కట్టి
లంకవాళ్లకి చూపించాం.
మంగాయమ్మ లేచి, తన జామచెట్టుని తాకబోయింది.
చెట్టు ఆమె వీపు మీద పడింది.
"కాసేపు ఆపు బాబూ."
ఆపాడు.
బొమ్మ వణుకుతూ నిలబడింది.
ఆ రాత్రి సినిమా అక్కణ్ణించి కదల్లేదు,
జనమూ కదల్లేదు.

ఈ ఏడు వెనక్కి నడుస్తుంటే
రత్నం మడమకి నీళ్లు తగిలాయి.
లంక కదా, వెనకా గోదారే.
కాసేపు అటే చూసి
"నీ పని కానీ" అన్నాడు.

తీసిన ప్రతి చోటా చివర్న
అర నిమిషం ఉత్త నిశ్శబ్దం పట్టుకుంటాం,
మాటల మధ్య అతుకెయ్యడానికి.
నేను చెయ్యెత్తాను.
వాడు ఊపిరి బిగబట్టాడు,
పడవవాడు బీడీ ఆర్పేశాడు.
పద్నాలుగో సెకనుకి
గట్టు పెళ్ల ఒకటి విరిగి నీళ్లలో పడింది.

మళ్లీ తీద్దామా అన్నాను.
"వద్దు. ఉంచెయ్."