అడిగినాక ఆగాల

హసావీలో మూడో అంతస్తు, లిఫ్టు చెడిపోయిన బిల్డింగు.
శుక్రవారం పొద్దున పదకొండు మందిమి
పరుపులు చుట్టి గోడకి నిలబెట్టి
చాప మీద కూచున్నాం.

మా యాపారాలకి బోర్డులుండవు.
నాది ఒక గ్యాసు పొయ్యి, ఇరవై మూడు క్యారేజీలు.
సాలమ్మ మిషను మంచం కిందుంటాది,
ఎవురన్నా తలుపు కొడితే దుప్పటి కప్పుతాది.
పళ్ల మధ్య దారం బిగించి కనుబొమ్మలు తీసే మార్తమ్మకి
కుర్చీ కూడా లేదు.

హైమవతి మేడం సాల్మియా నుంచి కారులో వచ్చింది.
పాత క్యాలెండరు వెనక స్కెచ్చు పెన్నుతో రాసింది:
కళ్లలోకి చూసి మాట్లాడాలి.
నాకు నవ్వొచ్చింది.
తొమ్మిదేండ్లు ఒకరింట్లో చేసినదాన్ని,
కండ్లు దించుకునేదే
ఆ ఇంట్లో నేను మొదట నేర్చిన అరబ్బీ.

గొంతు పెంచకూడదు.
అడిగాక ఆగాలి, జవాబు కూడా మనమే చెప్పేయకూడదు.
ఇది మాత్రం సూదిలా దిగింది.
"ఉంటే ఇయ్యి, లేకుంటే మళ్ల చూద్దాంలే" అని
నాకు రావాల్సిన దుడ్లు
నా నోటితోనే ఎన్ని మాఫీ చేసినానో.

ఇద్దరిద్దరు. ఒకరు అడిగేది, ఒకరు బాకీదారు.
నా ఎదురుగా హబీబున్, రాయచోటి పిల్ల.
వారమంతా ఇంటిపని, శుక్రవారాలు గోరింటాకు.
మేడంకి తెలీదు,
కోన్ల పెట్టెకి సర్దిన పదకొండు దినార్లు
రంజాన్ ముందు నుంచీ నిజంగానే నాకియ్యాల.

"హబీబూ, పదకొండు దినార్లు. ఎప్పుడిస్తావు?"
ఆగినాను.
ఏసీ గరగర. కింద బకాలా షట్టరు ఎత్తిన చప్పుడు.
అంతసేపు నోరు మూసుకుని
నేనెప్పుడూ ఎవురి ముందరా కూచోలేదు,
పనిమనిషిగా తప్ప.

ఆ పిల్ల చాప పుల్ల గిల్లుతా
"మా మామా మూడు నెల్లుగా జీతమియ్యలేదక్కా" అనింది.
గొంతు వణికింది.
అందరూ చప్పట్లు కొట్టినారు.
ఎంత సహజంగా చేశావమ్మా అని మేడం మెచ్చుకునింది.

మెట్లు దిగేటప్పుడు చున్నీ కొస ముడి విప్పి
మూడు దినార్లు చేతిలో పెట్టింది.
వద్దులే అనలేదు నేను.
"మిగతాది?" అన్నాను.
రెండో అంతస్తు దాకా ఆగినాను.

"అక్కా, ఇదే మాట మా మామాని అడగాలంటే
అరబ్బీలో ఎట్ల ఆగాల?"

మెట్ల మీదే కూలబడినాం ఇద్దరం.
ఫ్లూస్. ఆ మాట ఇద్దరికీ వచ్చు.
దాని తర్వాత కండ్లు ఎంతసేపు ఎత్తి ఉంచగలదో
నేను మామానై కూచోని లెక్కపెట్టినాను.
ఏడు దగ్గర దించేసింది.

మళ్ల, అన్నాను.