ధైర్యం: రెండు

బేలు చీటీ వెనక్కి తిప్పి
స్కేలు పెట్టి గళ్ళు కొట్టింది కెజియా.
పైన నా పేరు: రూతమ్మ. లెవెల్ ఒకటి.
పక్కన బొమ్మ గూడా వేసింది,
చేతిలో కత్తికి బదులు పొగాకు కర్ర.

బలం పద్దెనిమిది.
ఓపిక ఇరవై.
చదువు మూడు.
ధైర్యం కాడ పెన్సిలు కాసేపు ఆగింది.
రెండు.

"ఆటలో మనిషిని ఇట్టనే మొదలు పెడతారమ్మా.
పని చేసే కొద్దీ పాయింట్లు,
పాయింట్లు నిండితే పై లెవెలు."
ఇంటరు పరీక్షలైపోయి ఖాళీగా ఉండాది పిల్ల.
ఫోన్లో ఎవుర్నో పెంచీ పెంచీ విసుగొచ్చి
నన్ను పెంచుదామనుకుంది.

సరే, రాసుకో అన్నా.
నాలుగ్గంటలకి లేచా.
ఆరు బిందెలు మోశా.
టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
పొద్దుగూకే దాకా ఆకు ఆకూ ఎత్తి
వెలుతురుకి పట్టి
పసుపుది ఇటు, మచ్చది అటు,
మాడింది కాళ్ళ కాడికి.
ఇంటికొచ్చి అన్నం, అంట్లు, మీ నాయన తిట్లు.
ఇప్పుడు లెక్కెయ్యి.

సున్నా అంది.

"అలవాటైన పనికి రావమ్మా.
మొదటి లెవెల్లో చంపిన ఎలకనే
రోజూ చంపుతుంటే ఏమొస్తాయి?"

ఇరవై రెండేళ్ళ ఎలకలు
ఆ రాత్రంతా దూలాల మీద తిరిగినయి.

పిల్ల పెట్టిన పనులు ఇంతింతే.
సంతకం, రోజుకి అయిదు సార్లు: పది.
చీటీ మీది అంకెలు ఎవుర్నీ అడక్కుండా చదవడం: పదిహేను.
పావుగంట ఊరికే కూర్చోడం: ఇరవై.
ఆ ఊరికే కూర్చోడమే చేతకాలా.
చేతులు వాటంతటవే చాప మీద
లేని ఆకుల్ని ఏరబోయినయి.

మూడో వారం జొరం.
నాలుగు రోజుల గళ్ళు ఖాళీ.
"వరస తెగిందమ్మా. రూలు ప్రకారం
మళ్ళీ మొదటి నించి."

ఏమే, బ్యారనీ కాడ ఒక్క రాత్రన్నా కాపలా ఉన్నావా?
కునుకు పడితే పొయ్యి చల్లారిద్ది,
ముల్లు పది డిగ్రీలు కిందకి జారిద్ది.
అంతమాత్రాన ఆకు దింపి
మళ్ళీ చేలో మొక్కకి అతికిస్తారా?
కట్టె ఎగదోస్తారు.
అదీ నిదానంగా,
తొందరపడితే ఆకంతా నల్లబడి పోద్ది.

పిల్ల రబ్బరు తీసుకుని రూలు చెరిపింది.
నా మాట మీద ఎవురన్నా ఒక రూలు చెరపడం
అదే మొదలు.
దానికి ఎన్ని పాయింట్లని అడగలా నేను.

శనారం బట్వాడా.
మాల్యాద్రి మేస్త్రి పుస్తకం తెరిచి
ఇంకు ప్యాడు నా వైపు జరిపాడు.
బొటనేలు దానంతటదే లేచింది.
అలవాటుకి పాయింట్లు లేవు.
పెన్నియ్యన్నా, అన్నా.
నవ్వలేదు, కసరలేదు,
జేబులో వెతుక్కున్నాడంతే.
ఇన్నేళ్ళూ నేను భయపడింది ఈ జేబుకా?

సంతకం చెయ్యబోతా గడిలోకి చూస్తే
అయిదు రోజులని ఉంది.
ఆరన్నా, అన్నా.
గొంతు నాదేనా అని పక్కనున్న రమణమ్మ తిరిగి చూసింది.
"వచ్చే వారం చూద్దాంలే. పెన్నిటియ్యి."
దిద్దేటట్టయితే ఇస్తా.

వెనక వరసలో ఎవురో దగ్గారు.
షెడ్డు నిండా పొగాకు దుమ్ము, కదలకుండా.

దిద్దాడు.
పెన్ను మళ్ళీ తీసుకుని రాశా.
రూ తోక సాగింది,
మ కింద వత్తు గడి దాటి
మస్తానమ్మ జీతంలోకి పోయింది.

"బాస్ చచ్చాడా?" గుమ్మంలోనే అడిగింది కెజియా.
చావలేదే. పెన్ను నా కాడ మర్చిపోయాడు.

పిల్ల ఎగిరి గంతేసి
రెండు కొట్టేసి తొమ్మిది వెయ్యబోయింది.
ఆగమన్నా.
మూడు చాలు, మంట నిదానంగానే పెంచాల.

పెన్సిలొద్దు.
ఇదిగో, దీంతో రాయి.